మీది ఏ డైట్ అయినా సరే: అవిసె గింజల పొడి ఎంత, ఎప్పుడు, దేనికి బదులు?

వారంలో నాలుగైదుసార్లు ఒకే ప్రశ్న వస్తుంది. డైట్ పేరు ఒక్కటే మారుతుంది. "మేం కీటోలో ఉన్నామండీ, అవిసె గింజలు తినొచ్చా?" "మా నాన్నగారు కొర్రలు, సామలు మొదలెట్టారు, అందులో కలపొచ్చా?" "పదహారు గంటల ఉపవాసం చేస్తున్నాను పిన్నిగారూ, పొద్దున్నే అవిసె నీళ్లు తాగితే ఉపవాసం చెడుతుందా?" గుంటూరు బ్రాడీపేటలో మా అడ్డరోడ్డులోనే మూడిళ్లలో మూడు డైట్లు నడుస్తున్నాయి. మూడిళ్లలోనూ ఫ్రిజ్ తలుపులో అవిసె పొడి సీసా ఉంది.

తినొచ్చు. ఇంచుమించు అన్ని పద్ధతుల్లోనూ ఈ గింజ ఇముడుతుంది. అడగాల్సింది "తినొచ్చా" అని కాదు, "దేనికి బదులు తినాలి" అని. తినేదంతా అలాగే తింటూ పైన రెండు చెంచాలు చల్లుకుంటే ఏ డైట్‌లోనైనా అది అదనపు తిండే అవుతుంది. ఏ డైట్‌లో దానికి ఎక్కడ చోటు చేయాలో వరసగా చెబుతాను. ముందు గింజ సంగతి, తర్వాత డైట్ల సంగతి.

కావలసినవి

- అవిసె గింజలు పావు కిలో. మొదటిసారి అంతకు మించి కొనకండి.
- మందపాటి మూకుడు, మిక్సీలో చిన్న జారు
- మూత గట్టిగా పట్టే గాజు సీసా, ఫ్రిజ్‌లో కాస్త చోటు
- కొలత చెంచాల సెట్టు. ఇది తప్పనిసరి.
- ఒక చిన్న నోటుపుస్తకం

కొలత చెంచా ఎందుకంటే, "రోజుకో స్పూను" అని విన్నవాళ్లలో ఒకరు కాఫీ కలిపే చెంచాతో వేస్తారు, ఒకరు కూర వడ్డించే గరిటెడు వేస్తారు. ఇక్కడ నేను "పెద్ద చెంచా" అన్నచోటల్లా 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూను అని అర్థం. "చిన్న చెంచా" అంటే 5 మిల్లీలీటర్ల టీ స్పూను. మూడు చిన్న చెంచాలైతే ఒక పెద్ద చెంచా. గీసి కొలిచిన పెద్ద చెంచాడు పొడి 7 గ్రాములు తూగుతుంది. అందులో దాదాపు 37 క్యాలరీలు, 3 గ్రాముల కొవ్వు, 2 గ్రాముల పీచు, గ్రామున్నర లోపు ప్రోటీన్ ఉంటాయి. ఆ 3 గ్రాముల కొవ్వులో సగానికి పైగా, అంటే 1.6 గ్రాములు, ఒమేగా-3 అనే, ఒంటికి మేలు చేసే రకం. ఈ గింజకు ఇంత పేరు వచ్చింది దానివల్లే. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే మిగతా లెక్కలన్నీ మీరే వేసుకోవచ్చు.

1. సరైన గింజ కొనండి

పట్నంబజారులో "అవిసె" అని అడిగితే ఇబ్బంది లేదు, కొట్టువాళ్లకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం అవిసె అంటే తెల్లపూల చెట్టు, దాని ఆకు గుర్తొస్తుంది. అది వేరు, ఇది వేరు. మనకు కావలసింది నువ్వు గింజకంటే కాస్త పెద్దగా, పలచగా, ఒకవైపు మొనదేలి, గోధుమ రంగులో నిగనిగలాడే గింజ. కొన్ని ప్రాంతాల్లో మదన గింజలు, ఉలుసులు అంటారు. హిందీ తెలిసిన కొట్టువాళ్లు అల్సీ అంటారు. పసుపు రంగు రకం కూడా వస్తుంది, ధర ఎక్కువ. పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, గోధుమ రంగువే తీసుకోండి.

పరీక్ష: పది గింజలు చిన్న గిన్నెలో వేసి కొంచెం నీళ్లు పోయండి. పావుగంటకు గింజ చుట్టూ జిగురు పట్టి, వేలితో ముడితే జారిపోవాలి. సబ్జా గింజల్లా తెల్లగా ఉబ్బి గుండ్రంగా కనబడితే అది అవిసె కాదు.

రెండో పరీక్ష వాసన. గుప్పెడు గింజలు నలిపి చూడండి. మంచి గింజకు వాసన ఉండీ ఉండనట్టు ఉంటుంది. పాత పెయింటు వాసన వస్తే వద్దు. ఆ పోలిక ఊరికే చెప్పడం లేదు. పెయింట్లలో, క్రికెట్ బ్యాట్లకు రాయడంలో వాడే లిన్‌సీడ్ ఆయిల్ ఈ గింజ నూనే. గాలి తగిలి నూనె పాడైతే సరిగ్గా అదే వాసన వస్తుంది. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే లిన్‌సీడ్ ఆయిల్ తినడానికి కాదు, అందులో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపి ఉండొచ్చు. చవగ్గా వచ్చిందని ఇంటికి తెచ్చిన వాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

సిద్ధంగా అమ్మే పొడి కొనకండి. ఒకసారి తొందరలో ఒక కొట్లో ప్యాకెట్ తెచ్చాను. తేదీ చూస్తే బాగానే ఉంది, తెరిస్తే చేదు, గొంతులో గీరిన బాధ. గింజగా ఉన్నప్పుడు పొట్టు నూనెను కాపాడుతుంది, పొడైతే ఆ కాపుదల పోతుంది.

2. వీళ్లు ముందు డాక్టరుని అడగండి

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు, షుగరుకో బీపీకో మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, హార్మోన్లతో ముడిపడిన క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవాళ్లు. కిడ్నీ జబ్బున్న వాళ్లయితే తప్పనిసరి: ఈ గింజలో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఎక్కువే, పైగా నీళ్లు కొలిచి తాగమని చెప్పిన వాళ్లకు ఇంత పీచు కుదరదు.

పేగు సన్నబడిందని, పేగు మెలిక అని ఎప్పుడైనా ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, మింగడం కష్టంగా ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టకండి.

3. వేయించండి, చెవితో

పచ్చి గింజ చిటికెడు తింటే ఏమీ కాదు. ఎక్కువ మోతాదులో, రోజూ, పచ్చిగా తినడం మంచిది కాదు. సయనైడ్‌ని విడుదల చేసే పదార్థాలు ఇందులో కొద్దిగా ఉంటాయి, వేడికి అవి తగ్గుతాయి. రోజుకు రెండు పెద్ద చెంచాల లోపు, అదీ వేయించి తింటే భయం అక్కర్లేదు.

వంద గ్రాములు మూకుట్లో వేసి, మంట బాగా తగ్గించి, గరిటెతో కదుపుతూ ఉండండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఒకటీ అరా చిటుక్కుమంటాయి. మూడు నాలుగు నిమిషాలకు మూకుడంతా చిటపటలాడుతుంది, కొన్ని గింజలు అంచు దాటి స్టవ్ మీద పడతాయి. ఆ చప్పుడు పలచబడే క్షణం కోసం చెవి అటే పెట్టి ఉంచండి. చిటపట కాస్త నెమ్మదించగానే స్టవ్ ఆపి, వెంటనే పళ్లెంలోకి పోసేయండి. మూకుట్లోనే వదిలేస్తే దాని వేడికే మాడిపోతాయి.

సరిచూసుకోవడం: చల్లారాక రెండు గింజలు నమలండి. కరకరమని విరగాలి. పళ్లకు అంటుకుని సాగితే ఇంకో నిమిషం వేయించాలి. గింజను గోటితో చీల్చితే లోపల లేత మీగడ రంగుండాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగి చేదొస్తే ఆ వాయి పారేయండి. మాడిన నూనెగింజ తినడం కంటే వంద గ్రాములు పోగొట్టుకోవడం నయం.

4. పొడి చేసి దాచండి

పూర్తిగా చల్లారాక, జారు తడి లేకుండా తుడిచి, ఆపి ఆపి తిప్పండి. ఒక్కసారి రెండు సెకన్లు, మళ్లీ ఆపి, జారు అటూ ఇటూ కదిపి, మళ్లీ రెండు సెకన్లు. గడగడా నిమిషంపాటు తిప్పితే నూనె బయటికొచ్చి బ్లేడు కింద ముద్ద కడుతుంది. ఇడ్లీ రవ్వకంటే మెత్తగా, పిండికంటే గరుకుగా ఉంటే చాలు.

పొడి చేయకుండా గింజల్ని అలాగే మింగితే చాలామటుకు ఎలా వెళ్లినవి అలాగే బయటికొస్తాయి. పొట్టు గట్టిది, పేగు దాన్ని విప్పలేదు. పీచు పనిచేస్తుంది గానీ ఒమేగా-3 మాత్రం మీకు అందదు.

పొడి గాజు సీసాలో, ఫ్రిజ్‌లో, వారానికి సరిపడా మాత్రమే. మే నెల గుంటూరు ఎండల్లో వంటింటి గట్టు మీద పెట్టిన పొడి మూడు నాలుగు రోజులకే వాసన మారడం నేనే చూశాను. సీసా మీద తేదీ రాయండి. గింజలు మాత్రం తడి తగలకుండా మూత పెడితే నెలల తరబడి ఉంటాయి.

5. మెల్లగా పెంచండి

మొదటి వారం: రోజుకు ఒక చిన్న చెంచా.
రెండో వారం: రెండు చిన్న చెంచాలు.
మూడో వారం నుంచి: ఒక పెద్ద చెంచా. చాలామందికి ఇది చాలు.
నెల దాటాక, కడుపు తేలిగ్గా ఉంటే, అవసరం ఉంటే: రెండు పెద్ద చెంచాలు. అంతకు పైన వద్దు.

ఈ నిచ్చెన ఎక్కకుండా ఒక్కసారే పైమెట్టు మీదికి దూకడమే నేను చేసిన తప్పు. మొదటిరోజే మూడు పెద్ద చెంచాలు పెరుగులో కలుపుకుని తిని, ఆ రోజు పెళ్లి పనుల్లో నీళ్లు సరిగా తాగలేదు. రెండు రోజులు కడుపు రాయిలా బిగుసుకుపోయింది. మలబద్ధకం పోతుందని తిన్న గింజే మలబద్ధకం తెచ్చింది. ఈ పీచు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుంటుంది. మీరు తాగకపోతే పేగులో ఉన్న తడినే లాగేస్తుంది.

కాబట్టి పెద్ద చెంచాడు పొడికి పెద్ద గ్లాసుడు నీళ్లు, అదనంగా. పొడిని పొడిగా నోట్లో పోసుకుని మింగకండి, గొంతులోనే ఉబ్బుతుంది. మజ్జిగలోనో, పప్పులోనో, పెరుగులోనో కలిపి తినండి.

మాత్రలు వేసుకునేవాళ్లు పొడికీ మాత్రకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. ఆ జిగురు మందును పట్టేసి ఒంటికి పట్టడం ఆలస్యం చేస్తుంది. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పొద్దుటి అవిసె నీళ్లు మానేసి మధ్యాహ్నం భోజనంలోకి మార్చుకోవడం అన్నిటికంటే సులువు.

6. మీ డైట్‌లో చోటు చేయండి

అన్నం, పప్పు, పచ్చడి తినే మామూలు ఇల్లు

మన జిల్లాల్లో ఎక్కువమందిది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. ఈ ఇళ్లలో అవిసె అంటే కారప్పొడే.

వేయించిన అవిసెలు 100 గ్రాములు, ఎండుమిర్చి పది పన్నెండు (మన గుంటూరు మిర్చి అయితే ఎనిమిది చాలు), పచ్చిశనగపప్పు, మినప్పప్పు ఒక్కో పెద్ద చెంచా, ధనియాలు రెండు పెద్ద చెంచాలు, జీలకర్ర ఒక చిన్న చెంచా, గుప్పెడు కరివేపాకు, ఉసిరికాయంత చింతపండు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఉప్పు ఒక చిన్న చెంచా. పప్పులు, ధనియాలు, మిర్చి, జీలకర్ర నూనె లేకుండా విడివిడిగా వేయించండి. చింతపండునీ కరివేపాకునీ వేడి మూకుట్లో గలగలలాడేదాకా ఉంచండి, తడి మిగిలితే పొడి ముక్కవాసన వస్తుంది. ముందు మిర్చి, పప్పులు, ఉప్పు తిప్పి, తర్వాత చింతపండు, ఆఖర్న అవిసెలు, వెల్లుల్లి వేసి రెండు మూడుసార్లు మాత్రమే తిప్పండి. అవిసెలు మొదట్లోనే వేస్తే అంతా ముద్దవుతుంది. దీక్షలో ఉన్నవాళ్లకు వెల్లుల్లి లేకుండా విడిగా కొంచెం తీసి పెట్టుకోవచ్చు.

ఇక్కడే అందరూ దెబ్బతినేది. వేడన్నంలో కారప్పొడి, నెయ్యి కలిస్తే మామూలుగా తినేదానికంటే రెండు ముద్దలు ఎక్కువ లోపలికి పోతాయి. షుగరుకు మంచిదని మొదలుపెట్టిన పొడి అన్నం పెంచి షుగర్ పెంచుతుంది. పైగా ఈ పొడిలో అవిసెల వాటా సగానికి కాస్త ఎక్కువ, అంతే. మిగిలింది పప్పులు, కారం, ఉప్పు లాంటివి. బీపీ ఉన్నవాళ్లకు ఆ ఉప్పూ లెక్కే.

అందుకని రెండు సీసాలు పెట్టండి. ఒకటి రుచికి కారప్పొడి, ఇడ్లీకో దోసెకో. రెండోది ఉప్పూ కారం లేని ఉత్త పొడి, మీ కొలత చెంచా అందులోకే వెళ్లాలి. దాన్ని కంచంలో వడ్డించుకున్న పప్పులోనో, ఆఖరి మజ్జిగలోనో కలపండి. బదులు ఏమిటంటే: పెద్ద చెంచాడు పొడి కలిపిన పూట నెయ్యి ఒక చిన్న చెంచా తగ్గించండి, అన్నం రెండు ముద్దలు తగ్గించండి. కొవ్వు, క్యాలరీలు సరిపోతాయి, పీచు మిగులుతుంది.

కీటో, తక్కువ పిండిపదార్థాల పద్ధతి

వీరమాచనేని రామకృష్ణ గారి పేరు మీదుగా ఇంటింటికీ తెలిసింది ఈ దారే. ఇందులో అవిసె ఇమిడినంత చక్కగా మరేదీ ఇమడదు. వంద గ్రాముల గింజల్లో పిండిపదార్థాలు 29 గ్రాములు కనిపిస్తాయి గానీ, అందులో 27 గ్రాములు పీచే. అరిగి చక్కెరగా మారేది రెండు గ్రాముల లోపు. పైగా ఈ పద్ధతిలో ఎక్కువగా వాడే కొబ్బరినూనెలో ఒమేగా-3 దాదాపు లేదు, ఆ లోటు ఈ గింజ పూడుస్తుంది. కూరగాయలు తగ్గినవాళ్లకు వచ్చే మలబద్ధకానికీ పనికొస్తుంది.

పొరపాటు ఎక్కడంటే రొట్టెల దగ్గర. అవిసె పొడిలో మరిగే నీళ్లు పోసి కలిపితే పిండిలా సాగుతుంది, రెండు కవర్ల మధ్య ఒత్తి పెనం మీద కాలిస్తే రొట్టె వస్తుంది, నిజమే. కానీ ఒక్కో రొట్టెకు పాతిక ముప్ఫై గ్రాముల పొడి పడుతుంది. పూటకు మూడు తింటే 80, 90 గ్రాములు, అంటే దగ్గర దగ్గర 450 క్యాలరీలు, ఒక్కపూటకే పాతిక గ్రాముల పీచు. రోజుకు రెండు పెద్ద చెంచాల పొడితో చేసిన చిన్న రొట్టె ఒక్కటే, అదీ నాలుగో వారం తర్వాత. బదులు: రొట్టె తిన్న రోజు విడిగా పొడి వద్దు, కొబ్బరినూనె రెండు చిన్న చెంచాలు తగ్గించండి.

షుగర్ మాత్రలు వేసుకుంటూ సొంతంగా ఈ డైట్ మొదలుపెట్టకండి. చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు, కొన్ని రకాల మాత్రలతో రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇందులో అవిసె తప్పేమీ లేదు, కానీ ఈ మాట చెప్పకుండా ముందుకెళ్లలేను.

సిరిధాన్యాలు

ఖాదర్ వలీ గారి మాటలు విని కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలకు మారిన ఇళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ ఎన్నో. వీళ్లకు నా మాట: మీకు పీచు ఇప్పటికే బాగానే అందుతోంది. డైట్ మారిన మొదటి నెల అవిసె అసలు కలపకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే కడుపు ఉబ్బినప్పుడు దేనివల్లో తేలదు. నెల తర్వాత రోజుకు రెండు చిన్న చెంచాలు, అంతే.

అంబలిలో కలిపేవాళ్లు రాత్రి నానబెట్టేటప్పుడే పొడి వేస్తున్నారు. తెల్లారేసరికి అంబలి బంకలా సాగి తాగబుద్ధి కాదు. పొద్దున కాచి, గోరువెచ్చగా అయ్యాక, తాగే ముందు గ్లాసులో వేసి తిప్పి వెంటనే తాగండి.

ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారం

మంతెన సత్యనారాయణరాజు గారి ప్రభావంతో ఉప్పూ నూనె మానేసిన ఇళ్లలో ఇది. నూనె మానేశాం కదా అని అవిసెలు గుప్పెడు గుప్పెడు తింటే నూనె తిన్నట్టే, గింజలో నూటికి 42 వంతులు కొవ్వే. అయితే నూనె పూర్తిగా మానినవాళ్లకు రోజుకో పెద్ద చెంచా అవిసె నిజంగా అవసరానికొచ్చే కొవ్వు. పండ్ల ముక్కల మీద, పెరుగులో, కూర దించాక పైన చల్లండి.

పెసలలా గుడ్డలో కట్టి మొలకలెత్తించాలని చూడకండి. జిగురు పట్టి గడ్డ కట్టి, రెండో రోజుకు వాసన వేస్తుంది.

పదహారు గంటల ఉపవాసం

అవిసె నీళ్లు ఉపవాసాన్ని చెడుపుతాయా? పొడి గానీ, నానిన గింజలు గానీ మింగితే చెడుతుంది. చెంచాకు 37 క్యాలరీలు ఉన్నది తిండే. తిండి గంటలు మొదలయ్యాక, మొదటి గ్లాసు మజ్జిగలో వేసుకోండి. అరగంట తర్వాత భోజనానికి కూర్చుంటే కంచం మీద పడిపోకుండా చేయి నిలుస్తుంది. తిండి గంటలు ముగిసే ముందు ఆఖరి ముద్దలో వద్దు, తర్వాత నీళ్లు తాగడం తగ్గుతుంది. ఏకాదశి లాంటి ఉపవాసాల సంగతి మీ ఇంటి ఆచారం ప్రకారం.

శాకాహారులు, పాలు కూడా మానేసినవాళ్లు

చేపలు తినని వాళ్లకు అవిసె మంచి ఆసరా. కానీ చేపకు పూర్తి బదులు కాదు. గింజలోని ఒమేగా-3 ఒక రకం, వంజరంలోనో కవ్వల్లోనో ఉండేది ఇంకో రకం. మన ఒళ్లు మొదటిదాన్ని రెండోదిగా మార్చుకునేది చాలా కొద్దిపాటి. గర్భిణులు, గుండె జబ్బున్న శాకాహారులు నాచు నుంచి తీసే ఒమేగా-3 గురించి డాక్టరుని అడగాలి. బి12 విటమిన్ అవిసెలో లేదు. పాలూ పెరుగూ మానినవాళ్లు దానికి వేరే ఏర్పాటు చేసుకోవాల్సిందే.

కేకుల్లో గుడ్డు బదులు: పెద్ద చెంచాడు మెత్తటి పొడిలో మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి పది పదిహేను నిమిషాలు ఉంచితే గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఒక గుడ్డు పని చేస్తుంది. ఒకటి రెండు గుడ్లదాకా బాగుంటుంది, నాలుగు గుడ్ల కేకుకు ఇది చాలదు.

జిమ్ పిల్లలు

ప్రోటీన్ కోసం అవిసె తింటున్నామంటారు. పెద్ద చెంచాలో ఉన్నది గ్రామున్నర లోపు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. ప్రోటీన్‌కి గుడ్లు, పప్పులు, పెరుగు, చికెన్ తినండి, అవిసె ఒక చెంచా పీచు కోసం ఉంచుకోండి. వ్యాయామానికి ముందు మాత్రం తినకండి, కడుపులో బరువుగా కూర్చుంటుంది.

అవిసె నూనె

ఏ డైట్‌వాళ్లయినా ఇది అడుగుతారు. నూనెలో ఒమేగా-3 ఎక్కువే, పెద్ద చెంచాలో 7 గ్రాముల దాకా ఉంటుంది. పీచు మాత్రం సున్నా. వంద డిగ్రీలు దాటిన కాసేపటికే పొగ వస్తుంది కాబట్టి తాలింపుకు, వేపుడుకు పనికిరాదు. నా మటుకు నేను గింజకే ఓటేస్తాను.

7. ఫలితం ఎలా చూసుకోవాలి

నోటుపుస్తకం ఇందుకే. మూడు అంశాలు రాయండి: ఎన్ని చెంచాలు, ఎన్ని గ్లాసుల నీళ్లు, పొద్దున కడుపు ఎలా ఉంది.

రెండు వారాలకు: మలవిసర్జన తేలికగా, రోజూ ఒకే వేళకు అవుతుంటే మోతాదు సరిగ్గా ఉన్నట్టు. ఉబ్బరం, గ్యాస్ ఉంటే సగానికి తగ్గించి, నీళ్లు పెంచి, వారం ఆగి చూడండి. మలంలో గింజలు గింజలుగానే కనిపిస్తే పొడి మెత్తగా లేదన్నమాట.

నెలకు: బరువు. పెరిగిందంటే మీరు "బదులు" చేయడం లేదు, "అదనం" చేస్తున్నారు. నెయ్యి, అన్నం, రొట్టె లెక్క మళ్లీ చూడండి.

మూడు నెలలకు: షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. మొదలుపెట్టే ముందు చేయించిన రిపోర్టు పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, కాబట్టి ఆ పాత కాగితం పారేయకండి. వారానికే పరీక్ష చేయించి "ఏమీ తగ్గలేదు" అని మానేసినవాళ్లున్నారు. హెచ్‌బీఏ1సీ చెప్పేది గడిచిన రెండు మూడు నెలల సంగతి, వారంలో అది మారదు.

బీపీ రోజూ ఒకే వేళకు చూసి రాయండి. 2013లో అచ్చైన ఒక కెనడా అధ్యయనంలో, కాళ్ల రక్తనాళాలు పూడుకున్న రోగులకు రోజూ 30 గ్రాముల పొడి ఆరు నెలలు పెడితే, అది తినని రోగులతో పోలిస్తే పై బీపీ సుమారు 10 పాయింట్లు తక్కువగా ఉంది. ఆ మోతాదు మన రెండు పెద్ద చెంచాలకు రెట్టింపు, వాళ్లు వైద్యుల కనుసన్నల్లో ఉన్న రోగులు. ఆ అంకె చూసి మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. బీపీ తగ్గుతూ వస్తుంటే, కళ్లు తిరుగుతుంటే పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మాత్ర తగ్గించాలా వద్దా ఆయన చెబుతారు.

వెంటనే ఆపేయాల్సిన గుర్తులు: పొట్ట బిగుసుకుపోయి గాలి కూడా పోకపోవడం, వాంతులతో కడుపునొప్పి, చిగుళ్లలోనో ముక్కులోనో కారణం లేకుండా రక్తం రావడం, తిన్న కాసేపటికి దద్దుర్లు, పెదవులు వాచడం, ఊపిరి అందకపోవడం. ఇలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఏం తిన్నారు, ఎన్ని చెంచాలు, ఎప్పుడు తిన్నారన్నది అక్కడ మొదటే చెప్పండి.